గిమ్మిక్కు: కీలునుండి వేషమునకు

తెలుగు వార్తాపత్రికలలో “గిమ్మిక్కు” అను మాట కొన్ని దశాబ్దులుగా వాడుకలో నున్నది. కొందఱు “జిమ్మిక్కు” అనియు వ్రాయుదురు. ఎన్నికలవేళ ఒక పక్షమువారు ప్రకటించిన పథకమును ఎదుటిపక్షమువారు గిమ్మిక్కని కొట్టివేయుదురు. కథలో పస లేనిచోట దర్శకుడు చేసిన హంగును చలనచిత్ర విమర్శకులు అదే పేరుతో పిలుతురు. ఈ వాడుకలన్నిటియందును అర్థ మొక్కటే: మోసము, లేదా మోసమునకు దగ్గఱగా నుండు చమత్కారము. ఆంగ్లమునుండి మనకు వచ్చిన పెక్కు మాటలవలె ఇదియు తన చరిత్రను ఓడలోనే విడిచి, ఒక్క అర్థముతో మన రేవున దిగినది. విడిచివచ్చిన ఆ చరిత్రలో మల్లరంగము, ఆటబొమ్మల పరిశ్రమ అను రెండు పెద్ద ఘట్టములు కలవు. వానిని పరిశీలించినచో మోసమను అర్థము ఈ పదమునకు చాలదనియు, దీని భావమును తెలుపు మాటలు రెండు మనకు ఎన్నడో ఏర్పడియున్నవనియు మేము తలంచుచున్నాము.

ఈ పదము 20వ శతాబ్ది తొలి దశకములలో అమెరికాదేశమున ఊరూర తిరుగు తిరునాళ్ల వర్తకులమధ్య పుట్టినది. 1926లో వెలువడిన ఒక చిన్న యాసమాటల నిఘంటువు దీని నెక్కించుకొన్నది. న్యాయముగా నడువవలసిన ఆటను అన్యాయముగా నడుపుటకు అమర్చిన సాధనమని అందలి తాత్పర్యము. తిరునాళ్లలో జూదపుచక్రము తిరుగుచుండును. ఏ అంకెయొద్ద ఆగునో దైవమే యెఱుగునని పందెము కాచినవాడు నమ్మును. కాని బల్లచాటున యజమాని కాలికందునట్లు ఒక మీట యుండును. ఆ మీటయే గిమ్మిక్కు. “మేజిక్” అను పదమునందలి అక్షరములను గారడీవారు తలక్రిందులు చేసి దీనిని కల్పించుకొన్నారని ఒక వాదము కలదు. వినుటకు సొంపుగనే యున్నది. కాని మఱీ సొంపైన వ్యుత్పత్తులను చూచి జంకుట పదచరిత్ర చదివినవారికి అలవాటే.

ఇచట గమనింపవలసిన దొకటి కలదు. తొలినాటి గిమ్మిక్కు దాచవలసిన వస్తువు. కంటబడిన మఱుక్షణమే అది పనికిరానిదగును. ఈ భావమునకు మన భాషలో “కీలు” అనునది సరిపోవును. కీలుబొమ్మ, కీలుగుఱ్ఱము అను సమాసములలో ఆ పదమున్నది. జానపదకథలలోని కీలుగుఱ్ఱము 1949లో చలనచిత్రమై ఆంధ్రదేశమంతట తిరిగినది. కీలెఱిగి వాతపెట్టవలెనను లోకోక్తియందును, బయటికి కనబడక లోపల నుండి పనిని నడుపునదను అర్థమే ధ్వనించుచున్నది.

తిరునాళ్లనుండి ఈ పదము మల్లరంగమునకు ఎక్కుట సహజము. ఆనాటి వృత్తిమల్లులు పెక్కుమంది తిరునాళ్లలో గుడారములు వేసికొని, ఎదిరి నిలిచినవారికి బహుమాన మిత్తుమని చాటినవారే. అయితే నిజమైన కుస్తీ చూపరుల ఓర్పును పరీక్షించునది. 1916 జూలై 4న ఒమాహా నగరములో జో స్టెచరును, “స్ట్రాంగ్లర్” లూయీయు దాదాపు ఐదుగంటలసేపు పెనగులాడి జయాపజయములు తేలకయే లేచిపోయిరి. టిక్కెట్టు కొన్నవాడు ఎన్నిసారులు ఇట్టిది చూడవచ్చును? 1920వ దశకములో ఆ లూయీయే, ఆతని నిర్వాహకుడు బిల్లీ శాండో, శిక్షకుడు టూట్స్ మాంట్ అనువారును కలిసి కుస్తీని సంస్కరించిరి. కాలపరిమితి పెట్టిరి; కన్నులకు విందగు పట్లు చేర్చిరి; గెలుపోటములను ముందుగనే నిర్ణయించు పద్ధతిని స్థిరపఱచిరి. లోపలివారు బయటివారికి చెప్పరాని రహస్యమొకటి ఈ విధముగా వృత్తి కంతటికిని కీలైనది.

కీలు లోపల నుండగా బయట చూపుటకు వేఱొకటి కావలసివచ్చినది. 1915లోనే న్యూయార్కు నగరమున జరిగిన అంతర్జాతీయ పోటీలకు జనము రాకుండగా, ముసుగు ధరించిన మల్లు డొకడు ప్రేక్షకుల నడుమనుండి లేచి తన్ను బరిలోనికి రానిమ్మని పంతము పట్టెను. ఆతడు మోర్ట్ హెండర్సను అను మల్లుడని పిమ్మట తెలిసినది. ఆతని బలము ముసుగుకు ముందును అంతే, తరువాతను అంతే. కాని ముసుగు వేసికొన్న పిమ్మటనే జనము వచ్చిరి.

ఈ మార్గము పరాకాష్ఠ నందినది “గార్జియస్ జార్జి”యందు. జార్జి వాగ్నరు 1915లో నెబ్రాస్కా రాష్ట్రమున పుట్టినవాడు. దేహప్రమాణమున గొప్పవాడు కాడు. పలు సంవత్సరములు పేరులేని మల్లుడుగా ఊళ్లు తిరిగెను. 1940వ దశకములో ఆతడు తలవెండ్రుకలను బంగారువన్నెకు మార్చి ఉంగరములు తిప్పించుకొనెను. పట్టువస్త్రముల నిలువుటంగీ తొడిగి, ఎల్గారు కూర్చిన గంభీరమగు ఊరేగింపు సంగీతము మ్రోగుచుండగా మెల్లగా నడచివచ్చుచుండెను. ముందొక సేవకుడు నడచి బరిమీద అత్తరు చిమ్మును. జార్జి తలనుండి బంగారువన్నె పిన్నులు తీసి జనములోనికి విసరును. తీర్పరి తన్ను ముట్టబోయినచో చేతులు కడుగుకొని రమ్మని గద్దించును. ఒక్కొక్కప్పుడు కుస్తీకంటె ప్రవేశమే దీర్ఘమగుచుండెను. ఆతడు ఓడిపోగా చూడవలెనని జనము సొమ్మిచ్చి వచ్చిరి. యుద్ధానంతరము ఇండ్లలోనికి ప్రవేశించుచున్న టెలివిజనుకు ఇంతకంటె తగిన వస్తువు దొరకలేదు. 1961లో లాస్ వెగాస్ నగరమున ఈతని ఆర్భాటమును చూచిన యువకుడగు ముష్టియోధు డొకడు, ప్రగల్భములు పలుకువానిని ఓడింపచూచుటకు జనమెట్లు విరగబడుదురో అచటనే గ్రహించెను. ఆ యువకుడు తరువాత ముహమ్మదాలీగా ప్రసిద్ధుడైన కాసియస్ క్లే.

కూచిపూడివారి భామాకలాపము చూచినవారికి ఈ ప్రవేశము క్రొత్త కాదు. తెరపట్టిన పిదప పాత్ర వెంటనే కానరాదు. ప్రవేశదరువుతో తన్ను తాను ప్రకటించుకొనును. సత్యభామ తన జడను తెరమీదుగా ఇవతలికి వేయును. అది అహంకారము, అది సవాలు, అదియే ఆ పాత్రకు చిహ్నము. తెరవెనుక నున్నది స్త్రీవేషధారి యగు పురుషుడని సంప్రదాయజ్ఞుడగు ప్రేక్షకు డెఱుగును. ఎఱిగినందున రసభంగము కాలేదు. కావున మల్లరంగమున గిమ్మిక్కన్న మాటకు “వేషము” అనునదే సరియైన తెలుగు. ఆ మల్లునికి ఆ గిమ్మిక్కున్నది అని వారన్నచో, ఆతడా వేషము కట్టుచున్నాడని మనము గ్రహింపవలెను.

అర్థవిపరిణామములో ఇది అరుదైన సంగతి. దాచవలసినదానిని తెలిపిన పదమే చూపవలసినదానికి పేరైనది. మల్లుల యాసలో పాత అర్థమును పూర్తిగా పోలేదు. లాగులో దాచి తెచ్చి ఎదుటివాని నుదుట పొడుచు ఇనుపముక్కయు గిమ్మిక్కే. ప్రదర్శనశాల వాకిట చొక్కాలు, ఛాయాచిత్రములు అమ్ము బల్లయు గిమ్మిక్కు బల్లయే. దాచినది, ధరించినది, అమ్మినది — మూటికిని ఒకటే పేరు. 1989 ఫిబ్రవరిలో, అమెరికాలో అగ్రస్థానమున నున్న కుస్తీసంస్థ తన ప్రదర్శనలు పోటీలు కావనియు, వినోదము మాత్రమే యనియు న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభకు తెలిపికొన్నది. క్రీడలపై విధించు పన్నులనుండియు, పర్యవేక్షణనుండియు తప్పించుకొనుట అందలి ఉద్దేశము. ఇన్నేండ్లు దాచిన కీలును ఖర్చు తగ్గించుకొనుటకై బయటపెట్టిరి! అందువలన ఆట మూతపడలేదు. వేషము చూచుటకు వచ్చినవానికి కీలు తెలిసినను నష్టము లేకపోయినది.

ఆటబొమ్మలలో కథ ఇందుకు తలక్రిందులుగా నడచినది. అచట బొమ్మయొక్క రూపము ముందునుండియు ఉన్నది; అమ్మకమునకై కీలును చేర్చిరి. 1964లో వచ్చిన జి.ఐ. జో అను సైనికుని బొమ్మకు 1970లో నిజమైన వెండ్రుకలను పోలు నూగును, 1974లో వస్తువులను పట్టుకొనగల మెత్తని వ్రేళ్లను అమర్చిరి. 1982లో మాటెల్ సంస్థ తెచ్చిన హీమాన్ బొమ్మకు నడుములో స్ప్రింగుండెను. మెలిపెట్టి విడిచినచో పిడికిలి విసరును. ఈ వరుసలోని బొమ్మలు పెక్కింటికి దేహపు అచ్చు ఒక్కటే. 1985లో వచ్చిన మాస్‌మాన్ అనునది అంతకుముందే అమ్మిన మృగమనుష్యుని బొమ్మయే. దానిపై ఆకుపచ్చని నూగంటించి దేవదారువాసన పట్టించిరి. అదే యేట మఱియొక బొమ్మకు దుర్గంధమును పూసి అమ్మిరి. పిల్లలు ముక్కు మూసికొనుచునే కొనిపించుకొనిరి. ఇందు మోసమేమున్నది? వాసన యున్నదని పెట్టెపై వ్రాసిరి, వాసన యున్నది. మోసమను ఒక్క అర్థముతో ఈ గిమ్మిక్కును వివరింపజాలము.

ఈ రెండు దారులు కలిసిన చోటు 1990లో హాస్బ్రో సంస్థ వెలువరించిన మల్లుల బొమ్మలయందు కానవచ్చును. అంతకుముందు 1984నుండి ఎల్.జె.ఎన్. సంస్థ అమ్మినవి కదలని రబ్బరు దిమ్మలు. హాస్బ్రోవారు ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క స్ప్రింగు పెట్టి, ఆయా మల్లుని పేరుపడిన పట్టును అదే వేయునట్లు చేసిరి. మనిషి కట్టిన వేషమునకు ప్లాస్టిక్కులో కీలు వేసిరన్నమాట. ఆ తొలివరుసలో ముఖమున రంగులు పూసికొని, బాహువులకు పట్టీలు కట్టికొని, త్రాళ్లు పట్టి ఊపు “అల్టిమేట్ వారియర్” ఒకడు. ఆ బొమ్మ ఎవరిది? వేషము కట్టిన జేమ్స్ హెల్విగుదా, ప్రదర్శన నడపిన సంస్థదా? మా అభిప్రాయమున గిమ్మిక్కు చరిత్రలో నిజముగా అడుగవలసిన ప్రశ్న ఇదియే.

సంస్థ తమదే యనినది. 1996లో స్కాట్ హాల్, కెవిన్ నాష్ అను ఇరువురు మల్లులు ప్రత్యర్థి సంస్థలో చేరగా, పాత సంస్థ వారి వేషములకు వేఱు మనుష్యులను కుదిర్చి అవే పేర్లతో బరిలోనికి పంపినది. ప్రేక్షకులు వారిని అంగీకరింపలేదు. వేషము అబద్ధమని యెఱిగినవారే ఆ అబద్ధమునకు అసలువా డొకడున్నాడని పట్టుపట్టిరి. భామవేషమును తరతరములుగా ఎందఱో కట్టిరి. వేదాంతం సత్యనారాయణశర్మ కట్టినంత మాత్రమున అది ఇతరులకు కాకపోలేదు. అచట వేషము సంప్రదాయపు ఉమ్మడిసొత్తు. ఇచట పత్రములపై నమోదైన సొత్తు. ఉమ్మడిసొత్తును ఎవరైనను ధరింపవచ్చును. నమోదైన సొత్తు ధరించినవానినే తన క్రిందికి తెచ్చుకొనును.

దీని ఫలితము కొందఱకు కఠినముగా పరిణమించినది. మిసిసిపీ రాష్ట్రమున 1950లో పుట్టిన నల్లజాతీయుడు జేమ్స్ హారిస్, 1982నుండి “కమాలా” అను పేర, మాటలురాని ఉగాండా నరమాంసభక్షకుడుగా పాదరక్షలు లేక బరిలో తిరిగెను. ఆతనికి జీవనాధారమైన వేషము ఆతని జాతిపై శతాబ్దములుగా వేసిన నింద. మన పగటివేషములవారును కులములను, వృత్తులను పరిహసించినారు. ఆ విషయమున మనము మిక్కిలి గర్వింప నవసరము లేదు. కాని పగటివేషగాడు నేడొక వేషము, రేపొకటి కట్టును. ఒకనాడు సగము పార్వతి, సగము శివుడు, మఱునాడు ఇంకొకడు. కడపటిరోజున తన సొంతరూపుతో వచ్చి ఇంటింట సంభావన పుచ్చుకొని పోవును. హారిస్ ఆ వేషమును దాదాపు మూడు దశాబ్దులు కట్టెను. మధుమేహమువలన రెండుకాళ్లు కోల్పోయి 2020లో మరణించెను.

1999 మే 23న కాన్సస్ సిటీలో జరిగినది ఇంకను దారుణము. ఓవెన్ హార్ట్ అను మల్లుడు నీలిముసుగు, ఈకల అంగీ ధరించిన హాస్యవీరుని వేషమున ప్రదర్శనశాల పైకప్పునుండి త్రాటిపై దిగవలసియుండెను. వేషమునకు తగినట్లు నేలకు కొంచె మెత్తున కొక్కెము విడిచి బోర్లపడి నవ్వింపవలెను. అందుకై త్వరగా విడివడు కొక్కెమును అమర్చిరి. అది ముందే విడివడినది. సుమారు 24 మీటర్ల ఎత్తునుండి పడి ఆతడు మరణించెను, ప్రదర్శన కొనసాగినది. ఆతని కుటుంబము వేసిన దావా 2000లో 1 కోటి 80 లక్షల డాలర్ల పరిహారముతో ముగిసినది. తిరునాళ్లనాటి పాత అర్థమున కొక్కెమును గిమ్మిక్కే, ముసుగును గిమ్మిక్కే. ఒకటి ఎదుటివాని సొమ్ము లాగుటకు పుట్టినది. రెండవదానిని కట్టినవానిని మొదటిది బలిగొన్నది.

మనదేశమున ఇందుకు భిన్నమగు సంప్రదాయ మొకటి యుండినది. ఇనుపగొలుసులు తెంచి, ఏనుగును ఱొమ్మున మోసిన కోడి రామమూర్తి నాయుడుగారికి కలియుగభీముడను బిరుదు వచ్చినది. ఆ బిరుదు బలప్రదర్శనకు వెనుక వచ్చినది. గిమ్మిక్కు బలమునకు ముందు నడచును. బిరుదును ఇతరు లిత్తురు. గిమ్మిక్కును తానో, తన్ను కుదుర్చుకొన్నవాడో కల్పించును. కావున బిరుదమును గిమ్మిక్కునకు పర్యాయముగా వాడరాదు. నిఘంటుకర్తలు ఈ పదమునకు మొదట కీలు అనియు, పిదప వేషమనియు, చివర పత్రికలవారి పన్నుగడ యనియు వరుసగా అర్థము లిచ్చుట చరిత్రకు అనుగుణముగా నుండును.

జేమ్స్ హెల్విగు తగవు పలుయేండ్లు సాగినది. 1993లో ఆతడు తన పేరును చట్టప్రకారము “వారియర్” అని మార్చుకొనెను. ముందొక పేరు, వెనుకొక పేరు లేవు; ఆ ఒక్క మాటయే. వేషము తనది కాదన్నవారికి, వేషమే తానని ఆతడిచ్చిన సమాధాన మది. 2014 ఏప్రిల్ 8న మరణించెను. భాగవతములాడిన వంశమువారికి “భాగవతుల” యని ఇంటిపేరు నిలిచినట్లు, ఆతని కుమార్తె లిరువురకును ఆ వేషపుపేరే ఇంటిపేరైనది.