యుద్ధానంతరము - ఒక మతబోధకుని క్షమాబోధ



యుద్ధమును గెలుచుటకంటె యుద్ధానంతరమున జీవించుట కష్టతరమని భారతకథ నెఱిగిన మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. గెలిచిన ధర్మరాజే శోకమున మునిగెను. అతనిని ఊరడించుటకే శాంతిపర్వమంతయు వలసివచ్చెను. ఇట్టి సంకటమే 1865వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములకు సంభవించినది.

ఆ దేశపు దక్షిణ రాష్ట్రములయందు ఆఫ్రికా సంతతివారు సుమారు 40 లక్షలమంది బానిసలై ప్రత్తి మొదలగు పంటలు పండించుచుండిరి. బానిసత్వము తమకు దక్కదను భయముతో ఆ రాష్ట్రములు విడిపోయి, 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవునందలి సమ్టర్ కోటపై ఫిరంగులు పేల్చినవి. నాలుగేండ్ల పోరులో 6 లక్షలకు పైగా సైనికులు మరణించిరి. వారిలో రోగములచే మడిసినవారే అధికులు.

1865 ఏప్రిల్ 14న, నాడు కోటను విడుచునపుడు దింపిన పతాకమునే ఆండర్సన్ సేనాని తిరిగి ఎగురవేసెను. ఆ సభలో ఉపన్యసించినవాడు బ్రూక్లిన్ నగరపు ప్లిమత్ చర్చి బోధకుడైన హెన్రీ వార్డ్ బీచర్. ఇతడు బానిసత్వమును చిరకాలము ఖండించినవాడు. 'అంకుల్ టామ్స్ క్యాబిన్' అను ప్రసిద్ధ నవలను రచించిన హారియెట్ బీచర్ స్టోవ్ ఇతని సోదరియే. యుద్ధదోషమును ఇతడు దక్షిణాది నాయకులపై మోపి, వారి మాట నమ్మి చెడిన సామాన్యులను మనసార క్షమింపుడని బోధించెను. ఆ రాత్రియే అధ్యక్షుడు లింకన్ హంతకుని తుపాకికి గుఱియై, మఱునాటి ఉదయమున అసువులు బాసెను.

అయినను బీచరు క్షమామార్గమును విడువలేదు. తిరుగబడిన రాష్ట్రములను శీఘ్రముగ శాసనసభలో చేర్చుకొనవలెనని 1866లో లేఖ వ్రాసెను. విముక్తుల క్షేమము వారి పొరుగువారి సద్భావముపైననే ఆధారపడునని అతని వాదము. అతని చర్చిలోనివారే పెక్కురు దీనికి నొచ్చుకొనిరి.

ఆ నొచ్చుకొనుటకు కారణము లేకపోలేదు. 1865 డిసెంబరులో బానిసత్వము రాజ్యాంగముచే రద్దయినను, దక్షిణ రాష్ట్రములు విముక్తులను కట్టడిచేయు క్రొత్త చట్టములు కల్పించుచుండెను. 1866లోనే మెంఫిస్, న్యూ ఆర్లియన్స్ నగరములలో వారు ఊచకోతకు గుఱియైరి. తాను బానిసగా పుట్టి మహావక్తయైన ఫ్రెడరిక్ డగ్లస్, దేశభక్తి పేరిట ఉభయపక్షముల తారతమ్యమును మఱువరాదని 1871లో హెచ్చరించెను. ఆ హెచ్చరిక నిష్ఫలమయ్యెను. 1877లో సైన్యములు దక్షిణ రాష్ట్రముల కాపుదలను విరమించుకొనెను. పిమ్మట విముక్తుల ఓటుహక్కు క్రమముగ హరింపబడెను. దానిని మరల నిలుపు చట్టము 1965లో గాని రాలేదు.

ధృతరాష్ట్రుని కౌగిలిలో నలిగినది ఇనుపబొమ్మ. ఉత్తర దక్షిణముల కౌగిలిలో నలిగినది ప్రాణమున్న జనము.

బీచరు దయాగుణమును నేను నిందింపను. క్షమ లేనిదే పగ చల్లారదు. కాని క్షమించు అధికారము మొదట దెబ్బతిన్నవానిది. పెద్దలగు మీరు ఊరి తగవులు తీర్చునపుడు వాదిప్రతివాదులు చేతులు కలిపిరని తృప్తిపడి లేవకుడు. ఆ తగవున నష్టపడి, నోరు మెదపలేక మూల నిలిచినవాడు మూడవవాడెవడైన ఉన్నాడేమో చూచి, వానిని ముందుకు పిలువుడు. వాని మాట విన్న పిమ్మటనే ఆ సంధి నిలుచును.