రేవా విద్యుత్ కారు: ఇంధన వినియోగం, పర్యావరణ చరిత్ర

రేవా బెంగళూరులో తయారైన రెండు తలుపుల చిన్న విద్యుత్ కారు. 2001లో అమ్మకానికి వచ్చింది, 2012 దాకా తయారైంది. బ్రిటన్‌లో దీన్ని జీ-విజ్ పేరుతో అమ్మారు. ఇరవై ఆరు దేశాల్లో కలిపి అమ్ముడైనవి సుమారు 4,600. కార్ల వ్యాపారంలో ఇది లెక్కలోకి రాని సంఖ్యే. అయినా పెట్రోలు మానేసి కరెంటు పట్టుకుంటే నిజంగా ఎంత ఆదా, ఎంత పొగ తప్పుతుంది అన్నది తేల్చుకోవడానికి రేవా అంత స్పష్టమైన ఉదాహరణ మరొకటి కనిపించదు.

పుట్టుక

రూపకర్త చేతన్ మైనీ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 1990లో అమెరికాలో జరిగిన సౌర కార్ల పందెంలో గెలిచిన జట్టులో పనిచేశారు. 1994లో బెంగళూరు మైనీ గ్రూపు, కాలిఫోర్నియాకు చెందిన అమెరిగాన్ కలిసి రేవా సంస్థను మొదలుపెట్టాయి. ఎండతో నడిచే కారులో ప్రతి వాటుకూ లెక్క చెప్పాలి. ఆ పొదుపు బుద్ధి రేవాలో అడుగడుగునా ఉంది. కారు లోపలి గాలినంతా చల్లబరచే ఏసీ బ్యాటరీని త్వరగా ఖాళీ చేస్తుంది కాబట్టి, కూర్చున్న మనిషికి చల్లదనం అందించే సీట్లను కొన్ని మోడళ్లకు అమర్చారు. బాడీకి ఇనుప రేకుల బదులు రంగు కలిపి పోతపోసిన ప్లాస్టిక్ పలకలు వాడారు. దానివల్ల బరువు తగ్గింది, పెయింట్ షాపు అవసరం తప్పింది. సాధారణ కార్ల ఫ్యాక్టరీలో ఎక్కువ ఇంధనాన్ని మింగేవాటిలో పెయింట్ షాపు ఒకటి.

యూనిట్ల లెక్క

తొలి రేవా సీట్ల కింద ఎనిమిది లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఉండేవి. ఒక్కోటి 6 వోల్టులు, మొత్తం 48 వోల్టులు. నిండా ఛార్జి చేస్తే వాటిలో 9.6 యూనిట్ల దాకా పట్టేది. ఇంట్లో గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు. ఎనిమిది గంటల్లో పూర్తిగా, రెండున్నర గంటల్లో 80 శాతం ఎక్కేది. బ్రేకు వేసినప్పుడు మోటారు జనరేటరుగా మారి కొంత కరెంటును వెనక్కి పంపేది. గరిష్ఠ వేగం మొదట గంటకు 65 కిలోమీటర్లు. 2007లో డీసీ మోటారు స్థానంలో ఏసీ మోటారు వచ్చాక 80కి చేరింది.

ఒక ఛార్జికి 80 కిలోమీటర్లు వస్తుందన్నది కంపెనీ మాట. అంటే వంద కిలోమీటర్లకు పన్నెండు, పదమూడు యూనిట్లు. రోడ్డు మీద తేలింది వేరు. కేంబ్రిడ్జి భౌతికశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ మెకే 2008లో వెలువరించిన పుస్తకంలో లండన్‌లో నడిచిన ఒక జీ-విజ్ లెక్క ఇచ్చారు. పంతొమ్మిది ఛార్జింగుల సగటున అది వంద కిలోమీటర్లకు 21 యూనిట్లు తీసుకుంది. ఇలాంటి తేడాకు కారణాలు ఊహించలేనివి కావు. లెడ్-యాసిడ్ బ్యాటరీ తనలోకి వెళ్లిన కరెంటునంతా తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా పోతుంది. చలికాలంలో దాని శక్తి ఇంకా పడిపోతుంది. అయినా మెకే ఆ పక్కనే సగటు పెట్రోలు కారుకు వేసిన లెక్క 80 యూనిట్లు. రేవా ఇద్దరు పెద్దలకు, ఇద్దరు పిల్లలకు మాత్రమే చోటున్న బుల్లి కారు కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదన్నది గుర్తుంచుకోవాలి.

పొగ ఎక్కడికి పోయింది?

రేవాకు పొగగొట్టం లేదు. లండన్ నగరపాలన దీనికి రద్దీ రుసుము మినహాయించడంతో అక్కడి వీధుల్లో ఈ కారుకు గిరాకీ దొరికింది. వీధిలో గాలి శుభ్రంగా ఉండటం చిన్న మేలు కాదు. కానీ బొగ్గుపులుసు వాయువు లెక్కకు ఆ వీధి చాలదు, పవర్ హౌసు దాకా వెళ్లాలి.

అప్పట్లో బ్రిటన్‌లో ఒక యూనిట్ కరెంటుకు సుమారు 500 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడేది. 21 యూనిట్ల లెక్కన కిలోమీటరుకు 105 గ్రాములు. బొగ్గు మీద ఎక్కువగా ఆధారపడిన మన గ్రిడ్‌లో యూనిట్‌కు 800 గ్రాములు దాటేది. అదే కారు అదే కరెంటు వాడితే కిలోమీటరుకు 170 గ్రాముల దగ్గర తేలుతుంది, తీగల్లో పోయే నష్టం కాక. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న పెట్రోలు కారు పొగగొట్టం నుంచి వెలువడేది 130 గ్రాముల లోపే. కంపెనీ చెప్పిన పదమూడు యూనిట్లు నిజంగా సాధ్యమైతే మాత్రం రేవాదే పైచేయి. దీన్నిబట్టి ఆ రోజుల్లో ‘కాలుష్యం లేని కారు’ అన్న ప్రచారం బెంగళూరు వీధి వరకే నిజం. రామగుండం, రాయచూరు లాంటి చోట్ల థర్మల్ కేంద్రాల చిమ్నీలను అది పట్టించుకోలేదు.

సీసం సంగతి మరొకటి. కారు బరువులో పావు వంతుకు మించి బ్యాటరీలదే. అవి కొన్నేళ్లకే మార్చాల్సి వచ్చేవి. సీసాన్ని కరిగించి మళ్లీ వాడుకోవడం తేలికే, అదే దాని గుణం. ఆ పని అనుమతి లేని చిన్న కొలిమిలో జరిగితే చుట్టుపక్కల మట్టి, నీరు, పిల్లల రక్తం దాకా విషం చేరుతుంది. పాత బ్యాటరీలను తిరిగి సేకరించాలని కేంద్రం 2001లోనే నిబంధనలు తెచ్చింది.

బరువు తక్కువ కావడం ఇంధనానికి మేలు చేసినా భద్రతకు చేటు చేసింది. యూరప్‌లో జీ-విజ్‌ను కారుగా కాక క్వాడ్రిసైకిల్‌గా నమోదు చేశారు. అందువల్ల కార్లకు తప్పనిసరైన ఢీ పరీక్షలు దీనికి వర్తించలేదు. 2007లో బ్రిటన్‌లో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు కొనేవాళ్లను భయపెట్టాయి.

లిథియం, మహీంద్రా

2009లో లిథియం-అయాన్ బ్యాటరీతో వచ్చిన రేవా ఒక ఛార్జికి 120 కిలోమీటర్లు వెళ్లగలిగేది. ఇలాంటి బ్యాటరీ తేలిక, ఛార్జింగులో వృథా తక్కువ. 2010 మేలో మహీంద్రా సంస్థ కంపెనీలో 55 శాతం వాటా కొన్నది. బొమ్మసంద్రలో కట్టిన కొత్త ఫ్యాక్టరీకి హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ ప్లాటినం గుర్తింపు ఇచ్చింది. 2013 మార్చిలో అక్కడి నుంచి రేవా వారసురాలు ఈ2ఓ బయటికొచ్చింది. కొనేవాళ్లకు కేంద్ర సబ్సిడీ స్థిరంగా అందింది 2015లో ఫేమ్ పథకం మొదలయ్యాకే.

ఈలోగా గ్రిడ్ కూడా మారింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్కల ప్రకారం 2022-23లో యూనిట్‌కు సగటు ఉద్గారం సుమారు 716 గ్రాములు. పాత రేవా ఈ కరెంటుతో నడిచినా కిలోమీటరుకు 150 గ్రాములు వస్తాయి. వంద కిలోమీటర్లకు 12 యూనిట్లతో సరిపెట్టుకునే లిథియం కారైతే 86 గ్రాములతో సరి. విద్యుత్ కారు కొనేవాళ్లు ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతారు. గోడ ప్లగ్గు నుంచి వందకు ఎన్ని యూనిట్లు అన్నది కూడా అడగాలి.