మంట, తిమ్మిరి, కరెంటు షాక్.. నరాల నొప్పికి మామూలు గోలీ పనిచేయదు

రాత్రి పడుకోగానే అరికాళ్లు మండుతాయి. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. షుగర్ ఉన్నవాళ్ల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. చాలామంది మెడికల్ షాపుకెళ్లి ఒళ్లు నొప్పుల గోలీ తెచ్చి వేసుకుంటారు. తగ్గదు. ఎందుకంటే ఇది కండరాల నొప్పి కాదు, నరాల నొప్పి. వైద్యులు న్యూరోపతిక్ పెయిన్ అంటారు.

తేడా ఏంటి?

దెబ్బ తగిలినా, కీలు వాచినా ఆ కబురును నరం మెదడుకు చేరవేస్తుంది. అది మామూలు నొప్పి. ఇక్కడ కబురు మోసే నరమే దెబ్బతింటుంది. గాయం లేకపోయినా నొప్పి ఉందని చెబుతూ ఉంటుంది. అందుకే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి గోలీలు దీని మీద పెద్దగా పనిచేయవు. పైగా షుగర్ ఉన్నవాళ్లు వాటిని నెలల తరబడి వాడితే కిడ్నీలకు ముప్పు.

ఎలా గుర్తిస్తారు?

రోగి చెప్పే మాటల్లోనే సగం జవాబు ఉంటుంది. డాక్టర్లు వాడే డీఎన్4 అనే పరీక్షలో 10 అంశాలున్నాయి. మంట, బాధపెట్టే చల్లదనం, కరెంటు షాక్, చీమలు పాకినట్టు ఉండడం, సూదులు గుచ్చినట్టు ఉండడం, మొద్దుబారడం, దురద ఉన్నాయా అని అడుగుతారు. తర్వాత తాకినా, సూదితో గుచ్చినా స్పర్శ తగ్గిందా, బ్రష్‌తో మెల్లగా రాస్తే నొప్పి వస్తుందా అని చూస్తారు. 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే నరాల నొప్పి అని అనుమానిస్తారు.

కారణం షుగర్ ఒక్కటే కాదు

బీ12 లోపం, మద్యం, కుష్ఠు, వెన్నులో నరం నొక్కుకుపోవడం కూడా కారణాలే. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకుంటే బీ12 తగ్గే అవకాశం ఉంది. టీబీ మందు ఐసోనియాజిడ్‌తో నరాలు దెబ్బతినకుండా బీ6 గోలీ ఇస్తారు. సర్పి పొక్కులు మానాక కూడా కొందరికి నెలల తరబడి మంట ఉంటుంది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్తే మంచిది. ముఖంలో ఒకవైపు కరెంటు కొట్టినట్టుండే నొప్పిని పంటి నొప్పి అనుకుని పళ్లు పీకించుకున్నవాళ్లూ ఉన్నారు. దానికి కార్బమజెపైన్ వాడతారు.

మందు చీటీ చూసి భయపడొద్దు

మిగతా నరాల నొప్పులకు ఎక్కువగా అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, గాబాపెంటిన్, ప్రిగాబలిన్‌లలో ఒకటి రాస్తారు. మొదటి రెండూ డిప్రెషన్‌కు, మిగతావి మూర్ఛకు కూడా వాడేవే. 'పిచ్చి మందులు రాశారు' అని కొందరు మానేస్తారు. కానీ ఇవి అతిగా స్పందిస్తున్న నరాలను శాంతపరుస్తాయి. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. నొప్పి సగానికి తగ్గినా మంచి ఫలితమే. మత్తు, తల తిరగడం ఉండొచ్చు కాబట్టి పెద్దవాళ్లు పడిపోకుండా చూసుకోవాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ముందే చెప్పాలి. సొంతంగా కొని వాడొద్దు, ఒక్కసారిగా ఆపొద్దు. రోజా ఉండేవాళ్లు మందుల వేళల గురించి రంజాన్‌కు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

మంట కంటే మొద్దే ప్రమాదం

మంట తగ్గి పాదం మొద్దుబారితే జబ్బు నయమైనట్టు కాదు. అలాంటి పాదానికి వేడి తెలియదు, ముల్లు గుచ్చినా తెలియదు. వజూకు వేడినీళ్లు వాడేముందు మోచేత్తో చూసుకోవాలి. వేళ్ల మధ్య తడి తుడుచుకోవాలి. ఒట్టి కాళ్లతో నడవొద్దు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి, కంటిచూపు తక్కువైతే ఇంట్లోవాళ్లు చూడాలి. షుగర్ అదుపులో ఉంటేనే నష్టం పెరగకుండా ఉంటుంది.

పాదంలో పుండు పడినా, కాలు అకస్మాత్తుగా బలహీనమైనా, మూత్రం మీద అదుపు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.