ప్రాసెసర్ పాతదైనా ఫికర్ లేదు.. బేరం పక్కాగుండాలె

ఉస్మానియా క్యాంపస్ చుట్టూత తార్నాక, హబ్సిగూడ, అంబర్‌పేట గల్లీలల్ల రూములు తీసుకొని ఉండే పిల్లల్ల శానామంది ఊర్లకెల్లి వచ్చినోళ్లే. రూము కిరాయి, మెస్సు, కోచింగు ఫీజు కట్టినంక కంప్యూటర్‌కు మిగిలేది తక్వ. అందుకే ఫోన్ల ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్ తెరిచి పాత ప్రాసెసర్ ఎంతకొస్తదో సూస్తరు. "అన్నా, ఇది తీస్కోవచ్చా?" అని అడిగేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ప్రాసెసర్ పాతదని భయపడకుర్రి. దాని చుట్టూతున్న బేరాన్ని జర పైలంగ సూడుర్రి.

ఎందుకంత అగ్గువ?

ప్రాసెసర్‌ల తిరిగే ముక్క లేదు. ఫ్యాను అరుగుతది, హార్డ్ డిస్కు అరుగుతది, ఎస్ఎంపీఎస్‌ల కెపాసిటర్లు ఉబ్బుతయి. ప్రాసెసర్ మాత్రం వేడి, కరెంటు హద్దుల్ల ఉంటే ఏండ్లకేండ్లు నడుస్తది. పెద్ద కంపెనీలు కొన్నేండ్లకొకపారి ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒక్కసారే మారుస్తయి. అవి టోకున అమ్ముడువోయి, విప్పినంక విడిభాగాలుగ మార్కెట్లకొస్తయి. సరుకు ఎక్వ, అడిగేటోళ్లు తక్వ. అందుకే ధర దిగుతది.

లాభం ఎక్కడుంది?

మీ దగ్గర ఇప్పటికే ఒక డబ్బా ఉండి, అదే బోర్డు మీద ఇంకొంచెం పెద్ద ప్రాసెసర్ పెట్టుకునేటప్పుడే అసలు లాభం. ఉదాహరణకు ఇంటెల్ ఐ3-6100ల కోర్లు రెండే. దాని జాగల ఐ7-6700 పెడితే నాలుగైతయి. బోర్డు బయోస్ దాన్ని గుర్తువడితే, పాత కూలర్ ఆ వేడిని ఆపుకుంటే, అదనంగ కావాల్సింది కొంచెం థర్మల్ పేస్టే.

ప్రాసెసర్ ఒక్కటి కొని మిగతా అంతా తర్వాత జమచేద్దామంటే లెక్క తలకిందులైతది. ప్రాసెసర్ 2 వేలకు దొరికిందనుకుందాం. దానికి తగిన బోర్డు 4 వేలు, ర్యామ్ వెయ్యి, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ ఇంకో 2 వేలు అనుకుంటే 9 వేలాయె. అదే 9 వేలకు ఆఫీసుకెల్లి వచ్చిన నడిచే డబ్బా మొత్తం దొరుకుతుంటే ముక్కలు కొనుడెందుకు? ఇంకో మాట. మీ దాంట్ల ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, ముందుగాల ఎస్ఎస్‌డీ వెయ్యుర్రి. కంప్యూటర్ తెరుసుకునుడు, ఫైళ్లు తెరుసుకునుడు దాంతోనే జల్దీ అయితది.

కొనేముందు ఏం సూడాలె?

మొదటిది మాట తేడా. మన దగ్గర మొత్తం డబ్బానే సీపీయూ అంటరు. ప్రకటనల సీపీయూ అని ఉంటే డబ్బానా, ఒట్టి చిప్పా అని అడుగుర్రి.

రెండోది సాకెట్. ఇంటెల్ ఆరు, ఏడు తరాలకూ ఎనిమిది, తొమ్మిది తరాలకూ సాకెట్ పేరు ఒక్కటే, ఎల్‌జీఏ 1151. గని హెచ్110 బోర్డు మీద ఎనిమిదో తరం నడవది, హెచ్310 మీద ఆరో తరం నడవది. పేరు కలిసిందని కొంటె పైసలు నీళ్లల్ల వోసినట్టే.

మూడోది బొమ్మ. ఇంటెల్ నంబర్ ఆఖర్ల ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. ఏఎండీ రైజెన్ 5000 వరకు డెస్క్‌టాప్ చిప్పులల్ల జి అక్షరం లేనివాటికి కూడ ఉండవు. అంటే గ్రాఫిక్స్ కార్డు ఖర్చు మీద వడ్డట్టే.

నాలుగోది విండోస్. 2025 అక్టోబర్ 14తోటి విండోస్ 10కు మామూలు సపోర్టు బందైంది. విండోస్ 11కు ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైవి కావాలె. ఏడో తరం అగ్గువ కావడానికి ఇది కూడ ఒక కారణం. లినక్స్ నేర్చుకునే ఓపిక ఉంటే అదే మీకు లాభం.

ఐదోది చిప్పు ఒళ్లు. ఏఎండీ ఏఎం4 చిప్పులకు పిన్నులు కిందనే ఉంటయి, ఒంగినయా సూడుర్రి. ఇంటెల్‌కు పిన్నులు బోర్డు సాకెట్ల ఉంటయి, కాబట్టి బోర్డు కొంటె అక్కడ సూడాలె. మూత మీద ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన నమూనా, అమ్మకానికి చేసింది కాదు. కొన్ని రైజెన్ ప్రో చిప్పులు ఒక కంపెనీ బోర్డుకే తాళమేసి ఉంటయి, వేరేదాంట్ల లేవవు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులతోని ఇంకా పైలం. ఎక్వ వోల్టేజీతోని కొన్ని చిప్పులు దెబ్బతింటున్నయని 2024ల ఇంటెల్ ఒప్పుకున్నది, మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. గని ఆ సవరణ అప్పటికే దెబ్బతిన్న చిప్పును బాగుచేయది. అసలు బిల్లు లేకుంటే ఇవి ముట్టకుర్రి.

పైసలు ఇచ్చేకాడ

"ఆర్మీల ఉన్న, ట్రాన్స్‌ఫర్ అయింది, ముందుగాల అడ్వాన్స్ కొట్టు" అంటె అక్కడనే ఆపుర్రి. పైసలు రావాలంటె యూపీఐ పిన్ కొట్టే పనిలేదు, క్యూఆర్ స్కాన్ చేసే పనిలేదు. పార్సిల్‌ల వస్తే విప్పేటప్పుడు వీడియో తియ్యుర్రి. మోసపోతే సిగ్గువడి ఊకోకుండ్రి, ఎంటనే 1930కి ఫోన్ కొట్టుర్రి. దుకాణం బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది. ఎవలో ఒక మనిషి సొంత సామాన్ అమ్మితే ఆ దారి పనిచేసుడు కష్టం. అందుకే బిల్లుకు విలువ.

తార్నాకల మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ప్యారడైజ్. అక్కడికి దగ్గర్లనే పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరు సీటీసీ అంటరు. ఆన్‌లైన్ల ధర సూసి, అక్కడ కూడ అడిగినంకనే బేరం తెంపుర్రి. ఎక్కడ కొన్నా బోర్డు మీద పెట్టి చూపియ్యమనుర్రి. సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్‌ల కనిపించే పేరు, కోర్లు మూత మీది నంబర్‌తోని కలవాలె. అరగంట గట్టిగ నడిపిస్తే వేడి ఎంత ఎక్కుతదో, ఆగిపోతదో తెలుస్తది. చూపియ్యనంటె లేచి రావాలె.

ఆఖరుకు నా అడుగు సర్కారుకు, యూనివర్సిటీకి. ఎరుకున్న పిల్లగాడు వేలు మిగిలిస్తడు, కొత్తగ ఊరికెల్లి వచ్చినోడు అవే వేలు పోగొట్టుకుంటడు. తేడా పైసలది కాదు, చెప్పే మనిషి లేకపోవుడుది. 1929ల పుట్టిన ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న క్యాంపస్‌ల ఒక టేబుల్, నాలుగు రకాల బోర్డులు, వారానికి రెండు పూటలు కూసునే విద్యార్థులు చాలు. కొన్న చిప్పును ఫుకట్ల పరీక్షచేసి కాయితం మీద రాసియ్యొచ్చు. జిల్లా లైబ్రరీలల్ల కూడ గిదే పెట్టొచ్చు. పిల్లలు మిగిలించుకునే రెండు వేలు మనకు చిన్నగ అనిపించొచ్చు. ఊర్ల వాళ్ల అమ్మకు అవి ఎన్ని రోజుల కూలో లెక్కేస్తే ఎరుకైతది.