ఆది జాకెట్టు

మా అమ్మ ముప్పై ఏళ్ళకు పైగా మా వీధి ఆడవాళ్ళకి జాకెట్లు కుట్టింది. టేపు మెడలో వేలాడుతూనే ఉండేది గానీ దానితో కొలతలు తీసుకోవడం తక్కువ. "ఆది ఇచ్చి వెళ్ళమ్మా" అనేది. ఒంటికి సరిపోయిన పాత జాకెట్టే ఆది. దాన్ని కొత్త గుడ్డ మీద పరిచి, చాకుతో గీసి, కత్తెర వేసేది. ఎక్కువగా వచ్చేవాళ్ళ ఆదులు న్యూస్‌పేపర్ మీద కత్తిరించి, మడిచి, పేరు రాసి ట్రంకుపెట్టెలో దాచేది. "సుబ్బులు పిన్ని, చంక ఒక నూలు లూజు", "టీచరుగారు, ఎడమ చెయ్యి లావు". పురిటికి ముందు ఒక కాగితం, పురిటి తర్వాత ఒక కాగితం. ఆ పెట్టె తెరిస్తే మా వీధి ఆడవాళ్ళ ఒళ్ళన్నీ పాత వార్తల మీద పడుకుని ఉండేవి.

స్త్రీల ఆత్మకథల మీద పీహెచ్‌డీ చేసిన నాకు, ఆ పెట్టె కూడా ఒక గ్రంథాలయమేనని తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. అది తట్టేలా చేసింది ఒక జాకెట్టు.

కళ్ళు సరిగా ఆనక అమ్మ మిషను మానేసింది. పోయిన ఏడాది మా పిన్ని కూతురి పెళ్ళికి అమ్మ జాకెట్టు నేనే కుడతానన్నాను. అమ్మ దగ్గర తన ఆది లేదు. ఊరందరి ఆదులూ దాచిన మనిషి తనది దాచుకోలేదు! సరేనని పుస్తకం తెచ్చుకున్నాను. ఛాతీ 36 అంగుళాలైతే మెడ వెడల్పు అందులో పన్నెండో వంతు, 3. చంక లోతు ఆరో వంతు, 6. అన్నీ లెక్క ప్రకారం గీసి, కత్తిరించి కుట్టాను. అమ్మ వేసుకుంది. కుడి భుజం జారిపోయింది. మెడ దగ్గర నుంచి కుడి చంకలోకి ఏటవాలుగా ముడత. ముందు మెడ నోరు తెరుచుకుని నిలబడింది. వెనక పట్టీ మాత్రం పైకి ఎగబాకింది. కుట్టడం చేతకాక ఇలా వచ్చిందనుకుని ఇంకో గుడ్డ మీద మళ్ళీ కుట్టాను. అవే ముడతలు, అక్కడే.

అమ్మ అద్దంలో చూసుకుని, "నీ కుట్టు బాగానే ఉందే. నా ఒళ్ళే వంకరపోయింది" అంది, నన్ను ఓదారుస్తున్నట్టుగా.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. బట్ట సరిపోకపోతే తప్పు ఒంటిదని మనం ఎప్పటి నుంచి నమ్ముతున్నాం? సరైన ఒళ్ళు ఒకటుందని మనకెవరు చెప్పారు? ఆ ప్రశ్న పట్టుకుని కాగితపు నమూనాల చరిత్ర వెతుక్కుంటూ వెళ్ళాను.

ఆ చరిత్రని సాధారణంగా ఒక మగవాడి పేరుతో మొదలుపెడతారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఎబెనేజర్ బటరిక్ అనే దర్జీ ఉండేవాడు. వేరువేరు సైజుల్లో కత్తిరించిన కాగితపు నమూనాలను 1863లో అమ్మడం మొదలుపెట్టాడు. కొడుక్కి గౌను కుడుతున్న ఆయన భార్య ఎలెన్, ఒకే నమూనా రకరకాల సైజుల్లో దొరికితే ఎంత బాగుండునని అందట, అందులోంచి ఆయనకి ఆలోచన వచ్చిందట. అవసరం ఆమెది, ఆలోచన ఆమెది, కంపెనీ పేరు మాత్రం ఆయనది.

అంతకు కొంచెం ముందే, 1860లో, న్యూయార్కులో ఎలెన్ డెమొరెస్ట్ అనే ఆవిడ భర్తతో కలిసి ఒక ఫ్యాషన్ పత్రిక పెట్టి, దానితో పాటు కాగితపు నమూనాలు ఇచ్చేది. ఆవిడకి ఈ ఆలోచన రావడం వెనక కూడా ఒక కథ చెప్తారు. ఇంట్లో పనిచేసే నల్లజాతి స్త్రీ పొట్లాలు కట్టే కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి, దాని ప్రకారం గుడ్డ కోసుకుంటూ ఉంటే చూసిందట. ఆ పనిమనిషి పేరు మాత్రం కథలో లేదు. డెమొరెస్ట్ తన కార్ఖానాలో నల్లజాతి స్త్రీలను తెల్లవారితో సమానంగా పనిలో పెట్టుకుందని చదివినప్పుడు సంతోషమే కలిగింది. కానీ ఆ మొదటి కాగితం కోసిన చెయ్యి ఎవరిదో మనకు తెలియదన్న సంగతి అలాగే ఉంది. మా అమ్మ న్యూస్‌పేపర్లు గుర్తొచ్చాయి.

మన దేశంలోనూ ఇలాంటి కథే ఒకటి చలామణిలో ఉంది. యంత్రాలను అంతగా వ్యతిరేకించిన గాంధీగారు 1924లో కుట్టుమిషనుకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని కనిపెట్టాడని ఆయన నమ్మారు. నిజానికి ఎలియాస్ హోవ్ పేటెంటు 1846లో, సింగర్ పేటెంటు 1851లో వచ్చాయి. ఐజాక్ సింగర్‌కి పలువురు స్త్రీలతో ఇరవై మందికి పైగా పిల్లలు. పేటెంట్ల కోసం, డబ్బు కోసం ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోట్లాడిన మనిషి. భార్య మీది ప్రేమ ఆ కథలో ఎక్కడా ఇమడదు. ఆడవాళ్ళ శ్రమని ఎవరో మగవాడి దయగా చెప్పుకోవడం అందరికీ ఎంత తేలికో!

కాగితపు నమూనా చేసిన మేలుని తక్కువ చేసి చెప్పను. దర్జీకి డబ్బివ్వలేని ఇంట్లో కూడా కొత్త తరహా బట్టలు కుట్టుకునే వీలు దానివల్లే కలిగింది. పల్చటి టిష్యూ కాగితం మీద అచ్చు కూడా ఉండేది కాదు. ఏ ముక్క దేనికి అతకాలో చిల్లుల్ని, అంచున వేసిన గాట్లని చూసి పోల్చుకోవాలి. అచ్చు గీతలున్న నమూనాలు 1920 ప్రాంతంలో గానీ రాలేదు. అయితే ఆ కాగితం ఒక ఒంటిని ఊహించుకునే వస్తుంది. రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉన్న ఒళ్ళు, నిటారుగా నిలబడిన ఒళ్ళు. పెద్ద కంపెనీల నమూనాల్లో చాలావరకు రొమ్ముల మీది చుట్టుకొలత, రొమ్ముల పైనుంచి చంకల కింద తీసిన కొలత కంటే 2 అంగుళాలు మాత్రమే ఎక్కువని లెక్క. అంతకంటే తేడా ఉన్న స్త్రీ ఆ కాగితాన్ని నిలువునా కోసి, విడదీసి, మధ్యలో ఇంకో కాగితం అతికించుకోవాలి. అలా అతికించుకునే విద్యకి అక్కడ పుస్తకాలే ఉన్నాయి.

ఈ ఊహకి ప్రభుత్వ ముద్ర కూడా పడింది. 1939, 40 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ గృహవిజ్ఞాన విభాగం తరఫున రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్‌ల ఆధ్వర్యంలో దాదాపు 15,000 మంది స్త్రీలను కొలిచారు. ఒక్కొక్కరికి 59 కొలతలు. రెడీమేడ్ బట్టలు సరిపోక తిరిగి రావడం, మళ్ళీ సరిచేయడం వ్యాపారులకు పెద్ద ఖర్చయింది కాబట్టి అంత కష్టపడ్డారు. 1941లో వెలువడిన ఆ నివేదిక లెక్కల్లో ఉన్నది తెల్లజాతి స్త్రీలు మాత్రమే. మిగిలిన వారి కొలతలు తీసినా పక్కన పెట్టేశారు. 1958లో వచ్చిన ప్రమాణ సైజుల పట్టికకు ఈ సర్వేయే పునాది. ఒంటికి తగ్గట్టు పట్టిక లేదని 1983లో దాన్ని ఉపసంహరించుకున్నారు. పొట్లాల కాగితం కోసిన ఆ పేరులేని స్త్రీ ఒళ్ళు, ఆ తర్వాత దాదాపు వందేళ్ళకు వచ్చిన పట్టికలో కూడా లేదు. ఇది గమనించిన రోజు నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మరి మన సంగతి? మన పాత ముడి రవికకి ఇంత కొలతల గోల లేదు. ముందు రెండు కొసలూ లాగి ముడి వేసుకుంటే సరి. ఒళ్ళు చేస్తే ముడి వదులు, చిక్కితే బిగువు. పిల్లకి పాలివ్వాలంటే విప్పుకోవడం సులువు. రవికే లేకుండా బతుకంతా గడిపిన ముసలమ్మలు మన ఊళ్ళలో ఎంతమందో. ఒంటికి అతుక్కుని ఉండే జాకెట్టు పంతొమ్మిదో శతాబ్దపు మర్యాదతో కలిసి వచ్చింది. సత్యేంద్రనాథ్ టాగూర్ భార్య జ్ఞానదానందిని దేవి బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, చీర కింద జాకెట్టు, లంగా వేసుకునే పద్ధతిని బెంగాలులో ప్రచారం చేసింది. ఇల్లు దాటి నలుగురిలోకి రావడానికి ఆమెకి అది అవసరమైంది. అదే కాలంలో తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట హక్కు కోసం దశాబ్దాలు పోరాడారు. 1859లో రాజు ప్రకటన చేస్తూ కూడా, పైకులాల స్త్రీలలాగా మాత్రం కప్పుకోకూడదని షరతు పెట్టాడు. అంటే జాకెట్టు ఎవరు వేసుకోవాలి, ఎలా వేసుకోవాలి అన్న కొలత టేపు కంటే ముందే ఉంది. దాని అంగుళాలు కులానివి.

కుట్టుపని "ఆడవాళ్ళకు తగిన పని" అయింది కూడా ఆ తర్వాతే. దుర్గాబాయి 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించిన నాటి నుంచి నేటి ప్రభుత్వ పథకాల దాకా, ఒంటరి స్త్రీకి దారి చూపాలంటే ముందు కుట్టుమిషను గుర్తొస్తుంది. ఎన్ని వేల కుటుంబాలు దాని మీద నిలబడ్డాయో నాకు తెలుసు, మాది అందులో ఒకటి. నా ఫీజులు కట్టింది ఆ కాలు మిషనే. అయినా ఒక తేడా చూడండి. బజారులో కొట్టు పెట్టుకున్న మగవాడు "టైలరు మాస్టరు". ఇంట్లో అదే పని చేసే ఆడమనిషి "ఏదో జాకెట్లు కుట్టుకుంటుంది". గార్మెంటు ఫ్యాక్టరీల్లో కూడా చాలాచోట్ల కత్తెర మగ మాస్టరు చేతిలో, మిషను వరసలు ఆడవాళ్ళవి. కత్తిరించడం జ్ఞానం, కుట్టడం చాకిరీ. మా అమ్మ ఆ రెండూ చేసింది, కానీ తనకి వచ్చింది విద్య అని ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ జాకెట్టు దగ్గరికి వస్తాను.

మూడోసారి పుస్తకం పక్కన పెట్టి, పాత దుప్పటి గుడ్డతో ఒక నమూనా జాకెట్టు వదులుగా టాకాలు వేసి, అమ్మకి తొడిగి, ముడతలు చదవడం మొదలుపెట్టాను. చదవడమనే అంటాను, ఎందుకంటే ముడత ఒక వాక్యం లాంటిది. వెనక పట్టీ పైకి ఎగబాకిందంటే వీపు గుండ్రంగా వంగి, గుడ్డ చాలడం లేదన్నమాట. ముందు మెడ నోరు తెరిచిందంటే మనిషి ముందుకి వంగడం వల్ల అక్కడ గుడ్డ మిగిలిపోయిందన్నమాట. మెడ నుంచి చంకలోకి ఏటవాలు ముడతంటే భుజం కిందికి దిగిందన్నమాట. ముప్పై ఏళ్ళు మిషను మీదికి వంగి కూర్చున్న వీపు అది. మా వీధి ఆడవాళ్ళ ఒళ్ళకి నిటారుగా సరిపోయేలా కుడుతూ కుడుతూ తన ఒళ్ళు అలా మారింది.

ఒంటిని అలాగే ఉంచి కాగితాన్ని మార్చాను. వీపు భాగాన్ని భుజపుటెముకల దగ్గర అడ్డంగా కోసి, అర అంగుళం విడదీసి, కింద ఇంకో కాగితం అతికించాను. అందువల్ల మెడ దగ్గర ఎక్కువైన గుడ్డని చిన్న డాటులోకి తీసుకున్నాను. ముందు భాగంలో రొమ్ముల పైన అర అంగుళం మడిచేశాను. కుడి పక్క మాత్రమే భుజం కొసని అర అంగుళం దించాను. అంతే దించి ఊరుకుంటే చంక బిగుస్తుంది, కాబట్టి చంక అడుగుని కూడా అంతే దించాను. ఎడమ పక్కని ముట్టుకోలేదు. చివర్లో అమ్మ నేర్పినట్టే పక్కల్లో గుడ్డ వదిలి, లోపల వరసగా మూడు కుట్లు వేశాను. ఒళ్ళు మారితే ఒక వరస విప్పుకోవచ్చు. ఒళ్ళు మారుతుందని ముందే ఒప్పుకునే ఇలాంటి ఏర్పాటు ఏ ప్రమాణ పట్టికలోనూ నాకు కనబడలేదు. అది మన వీధుల్లో కుట్టే ఆడవాళ్ళ సిద్ధాంతం.

విడిగా చూస్తే ఆ జాకెట్టు వంకరగా ఉంటుంది. రెండు పక్కలూ సమానంగా ఉండవు. ఎవరైనా చూస్తే కుట్టడం రానివాళ్ళు కుట్టారనుకుంటారు. అమ్మ వేసుకుంది. ముడత లేదు. అద్దంలో చూసుకుని, చేతులు పైకెత్తి, దించి, వెనక్కి తిరిగి మెడ తిప్పి చూసుకుంది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఆ కాగితం పారేశావా?" అంది.

పారేయలేదు. న్యూస్‌పేపర్ మీద మళ్ళీ శుభ్రంగా కత్తిరించి మడిచాను. పైన ఏం రాయాలో అడిగితే, "కుడి భుజం అర అంగుళం కిందికి అని రాయి" అంది. అది రాసి, ఎప్పుడూ ఎవరూ ఆ పెట్టెలో రాయని పేరు పైన రాశాను. అమ్మని ఆ వీధిలో అందరూ "కుట్టే అక్క" అంటారు. నేను ఆవిడ పేరు రాశాను. చదివి వినిపించమంది. వినిపించాను. తనే పెట్టె తెరిచి, తడుముకుంటూ, సుబ్బులు పిన్ని కాగితానికీ టీచరుగారి కాగితానికీ మధ్యన పెట్టుకుంది.