టాటానగరం రంగులు చెదరలేదు

1907 ఆగస్టులో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ పుట్టింది. అదే ఏడు ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ పలకలను అమ్మకానికి పెట్టారు. బంగాళాదుంప పిండి రేణువులకు రంగులద్ది గాజు మీద పరిచి తయారుచేసిన ఆ పలకలతో రంగుల ఫొటో ప్రయోగశాల దాటి బయటికొచ్చింది. కానీ ఉక్కునగరమూ రంగూ ఒకరినొకరు చూసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. తర్వాత జంషెడ్‌పూర్‌గా మారిన సాక్చి దగ్గర అడవి కొట్టి లేపిన కొలుములు, 1912 ఫిబ్రవరి నాటి తొలి ఉక్కు, అన్నీ మనకు నలుపు తెలుపుల్లోనే తెలుసు. జంషెడ్‌పూర్ అనగానే బూడిదరంగు ఊరు కళ్లముందు మెదలడానికి సగం కారణం ఆ ఫొటోలే.

ఆ ఊళ్లోని కదమాలో ఒక తెలుగువారింట అట్టచట్రాల్లో బిగించిన కోడాక్రోమ్ రంగుల ఫిల్ము స్లైడ్లు చూసినప్పుడు ఈ మాట నాకు బలంగా తట్టింది. వాళ్ల తాతగారు కంపెనీలో ఇంజనీరు. రెండు మిలియన్ టన్నుల విస్తరణ కోసం అమెరికా నుంచి కైజర్ కంపెనీ ఇంజనీర్లు వచ్చి పనిచేసిన కాలమది. 1958లో నెహ్రూ ప్రారంభించిన జూబ్లీ పార్కు అప్పటికింకా కొత్తది. ఒక స్లైడు తీసి కిటికీకి ఎదురుగా పట్టుకున్నాను. ఇటుకపొడి లాంటి ఎర్రమన్ను, లేత పచ్చిక, ఆవపువ్వు రంగు చీరలో ఒక ఇల్లాలు, పక్కన ఇద్దరు పిల్లలు. ముగ్గురూ కళ్లు చిట్లించే ఉన్నారు. అప్పటి కోడాక్రోమ్ వెలుతురును పట్టే వేగం పది ఏఎస్ఏ మాత్రమే. కావలసినంత వెలుతురు పడాలంటే మనుషుల్ని ఎండకు ఎదురుగా నిలబెట్టక తప్పేది కాదు. ఆనాటి స్లైడ్లలో అంతమంది ముఖం చిట్లించుకుని కనబడటానికి ఇదే కారణం, కోపం కాదు.

అదే పెట్టెలో వేరే ఫిల్ము మీద తీసినవి మొత్తం గులాబిరంగుకు తిరిగిపోయాయి. చెట్లు కూడా గులాబీయే. కోడాక్రోమ్ ఫిల్ములో రంగుకు మూలమైన రసాయనాలు ఉండవు, లాబొరేటరీలో కడిగేటప్పుడే కలిపేవారు. మిగులు రసాయనం ఫిల్ములో ఉండిపోదు కాబట్టి చీకట్లో దాచినంతకాలం రంగు నిలుస్తుంది. ప్రొజెక్టరు వెలుగు మాత్రం దానికి పడదు. పండక్కీ పబ్బానికీ చుట్టాలను కూర్చోబెట్టి గోడమీద పదేపదే వేసి చూపిన స్లైడ్లే ముందు వెలిశాయి. ఇష్టంగా చూసినవే అలా పోయాయని తలుచుకుంటే గుండె కలుక్కుమంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి 'టాటా' వెళ్లి స్థిరపడినవారి ఇళ్లలో ఇలాంటి పెట్టెలు ఇంకా ఉంటాయని నా నమ్మకం. బిష్టుపూర్ రామమందిరంలో పెళ్లిళ్లు, రాత్రిళ్లు కరిగిన ఇనుపమడ్డి (స్లాగు) ఒంపినప్పుడు ఆకాశమంతా పాకే నారింజ వెలుగు, వీటిని ఎవరో ఒకరు తీసే ఉంటారు. స్లైడుకు నెగెటివ్ ఉండదు. కెమెరాలో వెలుతురు తగిలిన ఫిల్ము ముక్కే చేతికొచ్చే బొమ్మ, అది పోతే రెండోది లేదు. కోడాక్రోమ్‌ను కడిగే చివరి లాబొరేటరీ, అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని డ్వేన్స్ ఫొటో, 2010 చివర్లో రోల్స్ తీసుకోవడం ఆపేసింది.

పెట్టె దొరికితే బూజు పట్టకుండా పొడిచోట ఉంచండి. స్కాన్ చేయించేటప్పుడు ఇది కోడాక్రోమ్ అని ముందే చెప్పండి. స్కానర్లో దుమ్ము మరకలను తానే చెరిపేసే ఏర్పాటు ఈ ఫిల్ముతో సరిగా పనిచేయదు, బొమ్మలోని వివరాలను కూడా మింగేస్తుంది. అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఎవరు ఎవరో అడిగి, అట్టచట్రం మీద పెన్సిలుతో పేర్లు రాయించండి.