అలర్ట్: మిట్ట మీది కేక

గాండ్లపెంట ఊరి పిల్లలు బెంగళూరు సాఫ్ట్‌వేర్ కొలువుల్లో రోజంతా పలికే ‘అలర్ట్’ ఇటాలియన్ ‘ఆల్ ఎర్తా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. మిట్టెక్కి కాపు కాయమని కావలివాళ్లకు పిలుపన్నమాట. 1565 తర్వాత విజయనగర రాజధాని అయిన పెనుకొండలోనూ కావలివాడి చోటు ఎత్తైన బురుజే. అదే కొలువుల్లో వినపడే ‘లాగ్’ అసలు చెక్కదుంగ: ముడులేసిన తాడు కట్టి ఓడ వెనక వదిలి వేగం కొలిచేవారు, ఆ లెక్కలెక్కిన పుస్తకం లాగ్‌బుక్. మనకు చక్కని ‘చిట్టా’ ఉంది, వాడితేగా!

ఇప్పుడు అమెజాన్ క్లౌడ్‌కు కావలి కాసే గార్డ్‌డ్యూటీ అనుమానపు లాగిన్ పసిగడితే, కబుర్లు మోసే ఈవెంట్‌బ్రిడ్జి ఆ కబురును స్ప్లంక్ లాంటి చిట్టాకు చేర్చగలదు. అదే అనుమానం మళ్లీ తలెత్తితే మాత్రం మామూలుగా 6 గంటలకోసారే కబురు. ఆ వ్యవధిని 15 నిమిషాలకు తగ్గించుకోవడం మేలు.